తీరం వెంటా, అడవిలోనా? సెలవుల్లో నడిచే దారిని ఎంచుకోవడం ఎలా

దసరా దాటి సంక్రాంతి వచ్చేలోగా నన్ను అడిగేవారందరిదీ దాదాపు ఒకే ప్రశ్న. "నాలుగు రోజులు సెలవు దొరికింది, రెండు రోజులైనా నడుస్తూ గడపాలని ఉంది. గోకర్ణం వైపు సముద్రపుటొడ్డున నడవమంటారా, కుక్కే సుబ్రహ్మణ్యం దగ్గర కుమార పర్వతం ఎక్కమంటారా?" అడిగేవారు అప్పటికే రెండు చోట్ల ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఏది అందమైనదో తేల్చుకోలేకపోయి ఉంటారు. అందాన్ని బట్టి తేల్చబోతే ఎప్పటికీ తేలదు. కాళ్ళ కింద నేల ఎలాంటిది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎవరి అనుమతి కావాలి, చేతకానప్పుడు మధ్యలో ఎక్కడ బయటపడవచ్చు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే నిర్ణయం దానంతట అదే తేలుతుంది. ఆ జవాబులు రాబట్టే పద్ధతిని ఈ రెండు దారులనే ఉదాహరణగా తీసుకుని కింద చెబుతున్నాను. ఇదే పద్ధతి వేరే దారులకూ పనికివస్తుంది.

ముందుగా ఆ రెండు దారుల స్వరూపం. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో కుమటా నుంచి గోకర్ణం దాకా తీరం వెంట నడిచే దారి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఒక ఇసుక తీరం ముగిసిన చోట సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఎర్రరాతి గుట్ట ఎక్కి దిగితే మరో తీరం వస్తుంది. మధ్యలో అఘనాశిని నది సముద్రంలో కలిసే చోట పడవ మీద తదడి రేవుకు దాటాలి. ఆ తరవాత ప్యారడైజ్, హాఫ్ మూన్, ఓం, కుడ్లె తీరాల మీదుగా గోకర్ణం చేరతారు. కుమార పర్వతం 1,712 మీటర్ల శిఖరం. దక్షిణ కన్నడ, కొడగు జిల్లాల సరిహద్దులో, పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. కుక్కే గుడి వైపు నుంచి ఎక్కితే ఒకవైపు సుమారు 13 కిలోమీటర్లు, 1,500 మీటర్లకు పైగా ఎక్కుడు.

కావలసినవి

నిర్ణయం తీసుకోవడానికి కావలసినవి ఇవి: ఒక కాగితం, తిథులు ఉన్న గోడ క్యాలెండరు, ఎత్తుపల్లాలు చూపే పటం (ఫోన్‌లో ముందే దించుకున్నది), మీరు వెళ్ళదలచిన రోజులకు ఆటుపోట్ల వేళలు, మీతో వచ్చేవారందరి వయసులు, మోకాళ్ళ సంగతులు. ఆటుపోట్ల వేళలనూ, ఎత్తైన అలల హెచ్చరికలనూ హైదరాబాదులోనే ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ప్రకటిస్తుంది.

నడకకు కావలసినవి రెండు దారులకూ చాలావరకు ఒకటే. ఒక్కొక్కరికీ మూడు లీటర్ల నీళ్ళు పట్టే సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, ఈల, పవర్ బ్యాంకు, బొబ్బలకు అంటించే పట్టీలు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. తీరానికి వెడల్పాటి టోపీ, పొడుగు చేతుల పలచని నూలు చొక్కా, ఇసుక చొరబడని బూట్లు ఇంకా కావాలి. అడవికైతే చీలమండను పట్టి ఉంచే బూట్లు, పొడుగు మేజోళ్ళు, చేతికర్ర తీసుకోవాలి.

1. సెలవు రోజులను నడక గంటలుగా మార్చండి

నాలుగు రోజుల సెలవంటే నాలుగు రోజుల నడక కాదు. హైదరాబాదు నుంచి గానీ విజయవాడ నుంచి గానీ ఈ రెండు చోట్లకూ వెళ్ళడానికి ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి పోతాయి. దిగిన రోజు ఉదయం స్నానం, ఫలహారం, స్థానిక బస్సు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. కాబట్టి మిగిలేది రెండు పూర్తి పగళ్ళే. శీతకాలంలో నడకకు పనికివచ్చే వెలుగు పగటికి పదిన్నర గంటలకు మించదు. తీరంలో మధ్యాహ్నం మూడు గంటలు నీడలో ఆగక తప్పదు కనుక అక్కడ రోజుకు ఏడు గంటలే లెక్క వేసుకోండి. ఈ అంకెను కాగితం మీద రాశాకే రెండో అంచెకు వెళ్ళండి.

2. కిలోమీటర్లను నమ్మకండి, నేలను బట్టి వేళ కట్టండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పార్కులో గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి పాతిక కిలోమీటర్ల తీరాన్ని ఐదు గంటల్లో ముగించవచ్చని అనుకుంటాడు. మెత్తని పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. అడుగు దిగబడుతుంది, మడమ జారుతుంది, పిక్కలు పట్టేస్తాయి. నేను వేసుకునే లెక్క ఇది: అలలు తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద గంటకు నాలుగు కిలోమీటర్లు, పొడి ఇసుకలో రెండు, రాతి గుట్టల మీద రెండున్నర. ఈ లెక్కన కుమటా నుంచి గోకర్ణానికి ఆగకుండా నడిచినా ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. పడవ కోసం ఎదురుచూపు, తిండి, మధ్యాహ్నపు విరామం కలిపితే అది ఒక్క రోజు పని కాదు, రెండు రోజుల నడక.

కొండకు వేరే సూత్రం ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండనడకరి చెప్పినది ఇప్పటికీ చెల్లుతోంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. కుమార పర్వతానికి 13 కిలోమీటర్లకు రెండు గంటల నలభై నిమిషాలు, 1,500 మీటర్లకు రెండున్నర గంటలు, వెరసి ఐదు గంటల పైచిలుకు వస్తుంది. ఆయన లెక్క అలవాటున్నవారికి. మొదటిసారి వెళ్ళేవారు, బ్యాగు మోసేవారు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. అప్పుడు ఎక్కడానికి సుమారు ఎనిమిది గంటలు, దిగడానికి నాలుగైదు గంటలు. ఒకే పగటిలో ఎక్కి దిగాలంటే తెల్లవారకముందే కాలు కదపాలన్న మాట. శిఖరం మీద బస చేయనివ్వరు కనుక ఈ లెక్క తప్పితే చీకట్లో దిగవలసి వస్తుంది.

మన ప్రాంతపు కొలతలో చెప్పాలంటే, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరడం ఎంత ఎక్కుడో, కుమార పర్వతం దానికి దాదాపు రెట్టింపు. అందులోనూ అలిపిరి దారిలో పైకప్పు ఉంది, కుళాయిలు ఉన్నాయి, మెట్టు సమంగా ఉంటుంది. పైగా మనలో చాలామంది నడిచి ఎక్కి బస్సులో దిగుతారు. దిగుడు మోకాళ్ళను ఏం చేస్తుందో తెలియకుండానే "తిరుమల ఎక్కాను కదా" అనే ధైర్యం వచ్చేస్తుంది.

3. మధ్యలో మానేయగల చోట్లను గుర్తించండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే బరువైన అంచె ఇదే. పటం తీసుకుని, దారి పొడవునా ఏ ఏ చోట మోటారు రోడ్డు తగులుతుందో సున్నాలు చుట్టండి. కుమటా–గోకర్ణం దారిలో హాఫ్ మూన్ వంటి ఒకటి రెండు తీరాలు మినహా ప్రతి గంట గంటన్నర నడకకూ ఒక పల్లె, ఒక ఆటో దొరుకుతాయి. కాలు బెణికితే ఆ పూటకు మానేసి బసకు చేరవచ్చు. కుమార పర్వతంలో కుక్కే వదిలాక అన్నం దొరికే భట్టర మనె అనే ఇల్లు, దాని పైన గిరిగద్దె అటవీ తనిఖీ కేంద్రం తప్ప ఏమీ లేవు. రోడ్డు అసలే లేదు. బెణికిన కాలితోనే వచ్చిన దారిన దిగాలి, లేదా మనుషులు మోయాలి.

అందుచేత రెండు సున్నాల మధ్య దూరం మూడు గంటలకు మించిన దారికి, జట్టులో ఒక్కరైనా అలాంటి దారి ముందు నడిచినవారు ఉంటే తప్ప వెళ్ళవద్దు.

తీరంలోనూ ఒక ఉచ్చు ఉంది, అది నది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను బాడ దగ్గర కొబ్బరిబోండాల వాడితో కబుర్లలో పడి, అఘనాశిని ఒడ్డుకు చేరేసరికి చివరి పడవ వెళ్ళిపోయింది. ఎదురుగా తదడి దీపాలు కనబడుతూనే ఉన్నాయి. ఆటో మాట్లాడుకుని జాతీయ రహదారి వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేసరికి రాత్రి భోజనాల వేళ దాటింది. ఏటి మొగ ఎంత ఇరుకుగా కనిపించినా ఈది గానీ నడిచి గానీ దాటవద్దు. ఆటు వేళ నది నీరంతా ఆ ఇరుకులోంచే సముద్రంలోకి లాగుతుంది. పడవ వేళలను ముందురోజే ఫోన్ చేసి గానీ పల్లెలో అడిగి గానీ తెలుసుకోండి.

4. నీళ్ళ లెక్క వేయండి

చల్లని అడవి నీడలో గంటకు అర లీటరు, ఎండలో ఎక్కుతున్నప్పుడు గానీ తేమగా ఉన్న తీరంలో గానీ ముప్పావు లీటరు చొప్పున వేసుకోండి. తీరంలో చెమట ఆరదు కనుక ఒళ్ళు చల్లబడదు, తాగినా దాహం తీరినట్టు ఉండదు. అక్కడ పల్లెల్లో కొబ్బరిబోండాలు, మజ్జిగ దొరుకుతాయి కాబట్టి రెండు లీటర్లు మోస్తే చాలు. కొండ మీద మూడు లీటర్లు తప్పవు.

అడవి దారి అంటే అంతా నీడే అనుకోవడం మరో పొరపాటు. కుమార పర్వతంలో చెట్ల నీడ గిరిగద్దె దాకానే ఎక్కువ. అక్కడి నుంచి శిఖరానికి ముందు వచ్చే శేష పర్వతం వైపు చాలా దూరం బోడి గడ్డికొండలే, తల దాచుకునే చెట్టు ఉండదు. దారిలో కల్లు మంటపం దగ్గర ఉండే ఊటను నమ్ముకుని సీసాలు ఖాళీ చేసుకోవద్దు, వానలు తగ్గిన కొద్దీ అది సన్నగిల్లుతుంది. గిరిగద్దె దాటే ముందే అన్ని సీసాలూ నింపుకోండి.

5. నెల, తిథి చూడండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పశ్చిమ తీరంలో రెండూ మానుకోవాలి. సముద్రం ఒడ్డు తినేస్తుంది, గుట్టల దారులు జారుతాయి, అడవిలో జలగలు మేజోళ్ళలోకి దూరుతాయి. ఎండాకాలంలో కార్చిచ్చు భయంతో అటవీ శాఖ కొండదారులను మూసివేస్తుంది. రెండింటికీ కలిసివచ్చేవి నవంబరు నుంచి జనవరి దాకా ఉన్న వారాలు. ఫిబ్రవరి దాటితే ఈ రెంటిలో తీరమే మిగులుతుంది, అది కూడా తెల్లవారుజామున, సాయంత్రం నడిచేవారికి.

తీరం ఎంచుకునేవారు తిథి కూడా చూడాలి. అమావాస్యకూ పున్నమికీ, ఆ తరవాతి ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా వెనక్కి వెళ్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది, వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. ఆటు వేళ తెల్లవారుజామున పడే రోజులను ఎంచుకుంటే, చల్లపూట తడి ఇసుక గట్టిగా, వెడల్పుగా దొరుకుతుంది. అదే వేళకు పోటు ఉంటే పొడి ఇసుకలో గానీ రాళ్ళ మీద గానీ నడవాలి. కాబట్టి ఒకే దారి ఒక వారం సులువుగానూ, మరో వారం నరకంగానూ అనిపిస్తుంది. "మా బంధువులు అవలీలగా నడిచారు" అన్న మాటకు ఇందుకే విలువ ఇవ్వను. గుట్ట మొదట్లో రాళ్ళ మీదుగా అడ్డదారి కనిపించినా, నీళ్ళు వెనక్కి వెళ్తున్నాయో ముందుకు వస్తున్నాయో తెలియనప్పుడు గుట్ట ఎక్కి దిగే దారే పట్టండి.

6. అనుమతి దొరికాకే టికెట్లు కొనండి

వరస తారుమారు చేయవద్దు. కుమార పర్వతం వంటి అభయారణ్యపు దారులకు కర్ణాటక అటవీ శాఖ 2024 నుంచి ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకోవాలన్న నిబంధన పెట్టింది, రోజుకు ఇంతమంది అన్న పరిమితి కూడా ఉంది. శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి కాబట్టి సెలవును సోమ, మంగళవారాల వైపు జరపగలిగితే మంచిది. తీరంలో నడవడానికి అలాంటి చీటీ అక్కరలేదు, కాని ఇసుక మీద గుడారం వేసి పడుకోవడం వేరే సంగతి. స్థానికులనూ పోలీసులనూ అడగకుండా వేయవద్దు. పల్లెల్లో అద్దె గదులు దొరుకుతాయి, వాటిలో దిగడమే మేలు.

7. జట్టులో నెమ్మదైన మనిషిని బట్టి తేల్చండి

సగటు చూడకండి. పన్నెండేళ్ళ లోపు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్నవారు ఉంటే తీరమే. ఎండకు తలనొప్పి వచ్చేవారు, రక్తపోటు మందులు వాడేవారు ఉంటే వైద్యుణ్ణి అడిగి, తీరంలోనైనా ఉదయపు భాగాలే నడవండి. పిల్లలున్న జట్టుకు ఒక హెచ్చరిక: నడిచి అలసిన ఒంటితో ఊరుపేరు లేని తీరంలో సముద్రస్నానానికి దిగవద్దు. కాపలా ఉండేవారు ఉన్న తీరంలో మాత్రమే, మోకాలి లోతు దాకానే దిగండి.

అడవి వైపు మొగ్గేవారు తెలుసుకోవలసినది పిడుదుల సంగతి, అంటే ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే చిన్న పురుగులు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో తొలిసారి గుర్తించిన కోతి జ్వరం వీటి కాటు వల్ల వస్తుంది. పశ్చిమ కనుమల అడవుల్లో చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఆ భయం ఉంటుంది. ఆకులు రాలిన నేల మీద చతికిలబడకండి, ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపండి, బసకు చేరగానే ఒళ్ళంతా చూసుకోండి. తిరిగి వచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళిన సంగతి వైద్యునికి చెప్పండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఈ చివరి పని తీరంలో ఎంత సులువో, అడవిలో ఎంత కష్టమో మూడో అంచెలో చుట్టిన సున్నాలే చెబుతాయి.

8. ఇంటి దగ్గర ఒకసారి పరీక్షించుకోండి

బయలుదేరడానికి కనీసం మూడు వారాల ముందు, అదే బూట్లతో, అదే బరువుతో నడిచి చూడండి. తీరానికి పరీక్ష కావాలంటే విశాఖలో రుషికొండ నుంచి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి దాకా సుమారు 15 కిలోమీటర్లు వీలైనంతవరకు ఇసుకలోనే నడవండి. పక్కనే బీచ్ రోడ్డు ఉంటుంది కనుక ఎప్పుడైనా మానేయవచ్చు. అడవికి పరీక్ష కావాలంటే అలిపిరి దారిన ఎక్కి, బస్సు ఎక్కకుండా నడిచే దిగండి. హైదరాబాదువారు పది అంతస్తుల మెట్లను బ్యాగుతో పదిహేనుసార్లు ఎక్కి దిగితే చాలావరకు అదే తెలుస్తుంది.

ఫలితం చూసుకునే విధానం ఇది. మీరు కట్టిన వేళకూ పట్టిన వేళకూ తేడా నాలుగో వంతు లోపు ఉంటే లెక్క సరైనదే. అంతకు మించితే రెండో అంచెలోని అంకెలను ఆ నిష్పత్తిలో పెంచి, మీ నడక గంటల్లో పడుతుందో లేదో మళ్ళీ చూడండి. ఆ సాయంత్రం మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళ లెక్క తప్పింది. మర్నాడు మెట్లు దిగేటప్పుడు మోకాలు పొడిస్తే ఈ ఏడాదికి కొండ మాట వదిలేయండి. బొబ్బ వస్తే బూట్లు మార్చండి, కాని కొత్త బూట్లతో నేరుగా ప్రయాణం కట్టవద్దు.

9. కాగితం మీద తేల్చండి

పై అంచెల్లో ఏ ఒక్క దానిలోనైనా "కుదరదు" అని వచ్చిన దారిని కొట్టివేయండి. మిగతా వాటిలో ఎంత బాగా కుదిరినా అది తిరిగి బతకదు. రెండూ మిగిలితే మొదటిసారి నడిచేవారు తీరం తీసుకోండి, అలవాటున్నవారు కొండ తీసుకోండి. రెండూ కొట్టుకుపోతే దారిని సగం చేయండి: గోకర్ణం నుంచి ప్యారడైజ్ దాకా వెళ్ళి వెనక్కి రావచ్చు, లేదా కుక్కే నుంచి భట్టర మనె దాకా ఎక్కి, అన్నం తిని, దిగిరావచ్చు. ఈ సగం దారిని చిన్నచూపు చూసేవారిని చూశాను. శిఖరం దాకా వెళ్ళి కుంటుతూ దిగినవారి కంటే వీరే మళ్ళీ నడకకు వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లోనే అడవి నడక కావాలనేవారికి నల్లమల ఉంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాదయాత్ర దారి అది. పులుల అభయారణ్యం కనుక శివరాత్రికీ ఉగాదికీ ముందు కొద్ది రోజులే భక్తులను వదులుతారు. ఆ రోజుల్లో వేల మందితో కలిసి నడుస్తారు కాబట్టి ఏకాంతం ఉండదు, కాని దారి తప్పే భయమూ ఉండదు. మిగతా రోజుల్లో ఎవరైనా "నేను తీసుకెళ్తాను" అంటే నమ్మి వెళ్ళవద్దు.

బయలుదేరే ముందురోజు రాత్రి, దారి పేరు, బస చేసే చోట్లు, ఏ వేళకు ఎక్కడ ఉంటారో రాసిన చీటీని ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఏ గంట దాటినా మీ నుంచి ఫోన్ రాకపోతే 112కు చెప్పాలో కూడా అందులోనే రాయండి. కొండదారిలో సిగ్నల్ పోతుంది కనుక ఆ గంటను మీరు దిగుతామనుకున్న వేళకు మూడు గంటల తరవాత పెట్టండి. కిందికి చేరగానే, టీ తాగడానికి కూర్చోకముందే, ఆ ఫోన్ చేయండి.